పిచ్చుక కన్ను

ఆర్విల్ టట్‌హిల్ చూపుడువేలి గోరంటే చెక్క ఒంటి పాత కార్లున్నవాళ్ళం పెట్టుకున్న మా కర్రబండ్ల సంఘంలో అందరికీ భయమే. మిగతా గోళ్ళు పొట్టిగా కత్తిరించుకునేవాడు గాని ఆ ఒక్కదాన్ని మాత్రం కాస్త పెంచేవాడు. ఏటా వేసవి వెళ్ళిపోయే ముందు, సముద్రం పక్కన గట్టు మీది గడ్డిలో మా సంబరం జరిగే రెండు రోజులూ గేటు దగ్గర నిలబడేది అతనే. వచ్చిన ప్రతి బండి దగ్గరికీ వెళ్ళి, వంగి, తలుపు చెక్క మీద ఆ గోటితో రెండు దెబ్బలు వేసి చెవి ఒగ్గి వినేవాడు. అసలు కర్ర అయితే గడ్డి మీదికి పంపేవాడు. కాకపోతే గట్టు కింద కంకర నేలకి. ఆ రూలు రాసింది కూడా అతనే.

శుక్రవారం పొద్దున్నుంచీ ఇంటి ముందు తన బండిని తుడుస్తున్నాడు. పందొమ్మిదివందల నలభై ఎనిమిదిలో తయారైన కారు అది. ఒళ్ళంతా తేనెరంగు మేపుల్ కర్ర చట్రం, మధ్యలో ముదురు మహాగని పలకలు. ఎండకి ఆ కర్ర విడివడినప్పుడూ, సాయంత్రం చల్లబడి బిగుసుకున్నప్పుడూ కిర్రుమని చిన్న చప్పుడు చేస్తుంది. ఆ చప్పుడు వినడానికే కొన్ని సాయంత్రాలు షెడ్డులో కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. పెళ్ళిరోజు రెండు మూడుసార్లు మరిచిపోయాడు గాని బండికి వార్నిష్ వేయడం ఒక్క ఏడు మరవలేదు. ముందు సన్నటి ఉప్పుకాగితంతో రుద్దుతాడు, తడిగుడ్డతో దుమ్ము తీస్తాడు, తరవాత కుంచె ఒకే వైపుకి లాగుతూ పల్చగా పూత వేస్తాడు. గాలి వీస్తే పని ఆపేస్తాడు, దుమ్ము అంటుకుంటుందని.

అతని భార్య నాడీన్ చక్రాల దగ్గర మెరుగు పెడుతోంది. సంఘం బోర్డులన్నీ రాసేది ఆవిడే. గేటు దగ్గరి బాణం గుర్తులూ, నిమ్మరసం బల్ల ముందు వేలాడే పలకా, పందేల పట్టీలూ అన్నీ ఆవిడ చేతి రాతే. మాట తక్కువ మనిషి.

రోడ్డు మీద పోతున్న ఒక కుర్ర జంట ఆగి బండి చూస్తామన్నారు. ఆర్విల్‌కి కావలసింది అదే. వాళ్ళని వెనక తలుపు దగ్గరికి తీసుకెళ్ళాడు. అక్కడి పలకలో కర్ర చారలు కింది నుంచి పైకి మంటలా లేచి, రెండు పాయలుగా విడిపోతాయి. విడిపోయేచోట చిన్న ముడి ఒకటుంది. గుండ్రంగా, నల్లగా, మధ్యలో లేతచుక్కతో. దానికి అతను పిచ్చుక కన్ను అని పేరు పెట్టుకున్నాడు.

"ఇలాంటి చెట్టు ఇప్పుడు భూమ్మీద లేదు. ఉన్నా నరకనివ్వరు. నరికినా ఇంత మంట ఉన్న పలక వందలో ఒక్కటి కూడా రాదు. చూడండి ఆ కన్ను. మనం ఎటు కదిలితే అటు చూస్తుంది" అన్నాడు.

అమ్మాయి అటూ ఇటూ కదిలి చూసి నిజమేనంది. నాడీన్ అప్పటికే గుడ్డ పక్కన పడేసి లోపలికి వెళ్ళిపోయింది. పొయ్యి మీద ఏదో ఉందని వెళ్ళినట్టుంది. ఆర్విల్ చెట్టు సంగతి మొదలెట్టినప్పుడల్లా ఆవిడకి ఎక్కడో ఏదో పని పడుతుందని అతను ఎప్పుడూ గమనించలేదు. ఏళ్ళ తరబడి పక్కనున్న మనిషిని ఎవరు గమనిస్తారు?

శనివారం సముద్రం మీది మంచు ఇంకా విడవలేదు. గట్టుమీదికి బండ్లు వరస కట్టాయి. ఆర్విల్ తెల్ల టోపీ పెట్టుకుని, సంఘం బిళ్ళ తగిలించుకుని, గోటితో కొడుతూ, వింటూ, తల ఊపుతూ ఒక్కొక్కదాన్ని లోపలికి పంపుతున్నాడు. చుట్టూ పాతకాపులు కాఫీ గ్లాసులు పట్టుకుని నిలబడ్డారు. వచ్చే ప్రతి బండి గురించీ తలా ఒక మాట అంటున్నారు. ఆ ముచ్చట కోసమే చాలామంది పొద్దున్నే వస్తారు.

వరసలో ఒక పొడుగాటి బండి వచ్చి ఆగింది. డెబ్బైల్లో వీధికి నాలుగైనా ఉండేవి అలాంటివి. ఇనప ఒంటి మీద చెక్క చారలు అచ్చేసిన ప్లాస్టిక్ పొర అంటించి, చుట్టూ లేత రంగు బద్దెలు బిగించి, చెక్కబండి అని అమ్మేవారు. ఈ బండి పొర ఎండకి వెలిసి టీ రంగుకి వచ్చింది. కాని అద్దాలు మెరుస్తున్నాయి, చక్రాల మీద కూడా దుమ్ము లేదు. నడిపేది ఒక ముసలాయన. పొట్టిగా ఉన్నాడు, ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకున్నాడు, టోపీ ఒళ్ళో పెట్టుకున్నాడు. పక్కన నలభై దాటిన కూతురు. ఫ్రెస్నో ఊరి అవతల ద్రాక్షతోటల వైపు నుంచి చీకటితో బయలుదేరి వచ్చారట. ఆయన పేరు ఇలారియో బర్రగాన్, కూతురు ఇమెల్దా.

లోపలికి వెళ్ళడానికి ఏం చెయ్యాలని ఇమెల్దా అడిగింది. ముందు బండికి పరీక్ష ఉందని చెప్పి, ఆర్విల్ వెనక నిలబడ్డవాళ్ళ వైపు కన్ను గీటాడు. వంగి గోటితో కొట్టాడు. ఠంగుమంది. నలుగురూ నవ్వారు.

"ఈ చెట్టు ఏ అడవిలో మొలిచింది పెద్దాయనా?" అని అడిగాడు.

ఇలారియో కిటికీలోంచి తల బయటపెట్టి బండి పక్కని తేరిపార చూశాడు, మొదటిసారి చూస్తున్నట్టు.

"డీలర్ కొట్లో మొలిచింది. నీళ్ళు పొయ్యక్కర్లేదన్నాడు" అన్నాడు.

ఈసారి నవ్వు ఇంకా పెద్దగా వచ్చింది. అది ముసలాయనతో కలిసి నవ్విన నవ్వు. సంఘం అధ్యక్షుడు వెండెల్ క్రాబ్ అయితే కాఫీ ఒలికేలా నవ్వాడు. ఆ గేటు దగ్గర నవ్వించే హక్కు తనదేనని ఆర్విల్ నమ్మకం. చక్రం పైన పొర అంచు కొంచెం లేచి ఉండటం కనబడింది. దాని కిందికి గోరు దూర్చాడు.

"మరి ఈ చెట్టుకి బెరడు ఊడుతోందే" అంటూ లాగాడు.

కొన మాత్రం లేపి చూపిద్దామనుకున్నాడు. ఎండి పెళుసెక్కిన పొర ఆగలేదు. పర్రుమని, అరచేయి వెడల్పున, మోచేయంత పొడుగు ఊడి వచ్చి చివర తెగి గడ్డిలో పడింది. లోపల పాత జిగురు చారలూ, తుప్పు చుక్కలూ ఉన్న ఇనుము కనబడింది. వెనక ఎవరో నవ్వబోయి మధ్యలో ఆపుకున్నారు.

ఇలారియో ఇంజను ఆపాడు. దిగి, టోపీ పెట్టుకుని, బండి చుట్టూ నడిచి వచ్చాడు. ఆర్విల్‌ని చూడలేదు. వంగి గడ్డిలోంచి ఆ ముక్కని తీసి, అంటిన మట్టి చొక్కా అంచుతో తుడిచి, విరగకుండా మెల్లగా వంచి జేబులో పెట్టుకున్నాడు. జేబు పైన గుండీ కూడా పెట్టాడు. తిరిగి వెళ్ళి తన సీట్లో కూర్చున్నాడు.

అప్పుడు ఇమెల్దా మాట్లాడింది. గొంతు పెంచలేదు.

"ఈ నెలాఖరుకి మా నాన్న లైసెన్సు అయిపోతుంది సార్. ఈ వయసులో ఇంక పొడిగించరు. చిన్నప్పుడు ద్రాక్ష కోతలయ్యాక ఏటా మమ్మల్ని ఈ బీచికే తెచ్చేవాడు. మీ ఊరేగింపులో బండ్లు వరసగా పోతుంటే చూసేవాళ్ళం. రేపు ఆ వరసలో ఒక్కసారి నడుపుతానన్నాడు. కాదంటే కాదనండి, వెళ్ళిపోతాం. చింపడం ఎందుకు?"

ఇలారియో ఒక చెయ్యి కూతురి సీటు వెనక వేసి, వెనక్కి చూసుకుంటూ బండిని జాగ్రత్తగా తిప్పి కంకర నేల వైపు దించేశాడు. వరసలో తరవాతి బండి ముందుకొచ్చింది. ఆర్విల్ దాన్ని గోటితో కొట్టాడు గాని ఏం వినబడిందో అతనికి తెలియలేదు. ఆ తరవాతి రెండింటినీ కొట్టకుండానే పంపేశాడు. వెండెల్ వచ్చి, ఏదో పొరపాటున చిరిగింది, పట్టించుకోకు, ఎలాగూ పాడైపోయిన స్టిక్కరే కదా అన్నాడు. ఆ మాట తనే ఎన్నిసార్లు అనుకున్నాడో ఆర్విల్. ఇంకొకరి నోట వింటే ఒళ్ళు జలదరించింది. అంతమందిలో తలకొట్టేసినట్టయింది. మళ్ళీ మళ్ళీ ఆ జేబూ, ఆ గుండీ కళ్ళముందు ఆడాయి. ముసలాయన ఒక్క తిట్టు తిట్టినా బాగుండేది.

మధ్యాహ్నం గేటు ఇంకొకరికి అప్పజెప్పి నిమ్మరసం బల్ల దగ్గరికి వెళ్ళాడు. నాడీన్ గ్లాసులు కడుగుతోంది.

"చూశావా?"

"చూశాను."

చెక్క చారలు అచ్చేసిన అంటింపు కాగితం బజార్లో దొరుకుతుంది, ఒక చుట్ట కొని తీసుకెళ్ళి అంటించి వస్తానన్నాడు. ఆవిడ గ్లాసులు బోర్లించి చేతులు తుడుచుకుంది. ఆ కాగితం వంటింటి అరలకి వేసేదనీ, ఇన్నేళ్ళు ఎండలో వెలిసిన రంగు ఏ కొట్లోనూ అమ్మరనీ చెప్పింది. "నా రంగుల పెట్టె తీసుకొస్తాను. బండి తియ్యి" అంది.

తండ్రీ కూతుళ్ళు దిగిన చోటు ఊరి చివరి చిన్న లాడ్జి. ఇలారియో గది ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఎదురుగా ఆ బండి. దారి పొడుగునా ఆర్విల్ కూడగట్టుకున్న మాటలు నాలుగు వాక్యాలైనా ఉంటాయి. తీరా ఎదురుపడేసరికి, తప్పయిపోయింది అన్నది తప్ప ఇంకేదీ గుర్తు రాలేదు. అదీ నేల చూస్తూ అన్నాడు.

ఇలారియో జేబు గుండీ తీసి ఆ ముక్కని బయటికి తీశాడు.

"ఇది చెక్క కాదని నాకు తెలుసు మిస్టర్. కొన్న రోజే తెలుసు. పిల్లలకి మాత్రం చెప్పలేదు" అన్నాడు.

ఇమెల్దా గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడింది. తను రెండో తరగతికి వచ్చేదాకా అది నిజం చెక్కేననుకున్నానంది. బడిలో ఎవరో కాదన్నారని వాళ్ళతో జుట్లు పట్టుకుందట. ఆ మాట ఆవిడ నవ్వకుండా చెప్పింది. నాడీన్ మాత్రం చిన్నగా నవ్వి, ఆ ముక్క ఒకసారి ఇస్తారా, రంగు కలుపుకోవాలి అని ఇలారియో ముందు చేయి చాచింది. ఆయన ఆ చేతిని చూశాడు. గోళ్ళ సందుల్లో పాత రంగులున్నాయి. ముక్క ఇచ్చేశాడు.

ఆర్విల్ తనకి చెప్పిన పనల్లా చేశాడు. చిరిగిన అంచుల్ని బ్లేడుతో సూటిగా కోశాడు, ఉప్పుకాగితంతో తుప్పు గీకాడు, జిగురు తుడిచాడు. నాడీన్ ముందు త్వరగా ఆరే పసుపు మట్టిరంగు పూసింది. అది ఆరేదాకా ఇమెల్దా అందరికీ కాఫీ ఇచ్చింది. ఆర్విల్‌కి కూడా ఇచ్చింది, కాకపోతే చివర. బండి వెనక తలుపు తెరిచి, అక్కడ వెనక్కి తిరిగి ఉండే సీటు నాడీన్‌కి చూపించింది. అన్నదమ్ములతో పోట్లాడి మరీ అందులో కూర్చునేదట. వెనక వచ్చే బండ్లవాళ్ళకి నాలుక బయటపెట్టి వెక్కిరించేవాళ్ళమంది. కొందరు హారన్ కొట్టి తిట్టేవాళ్ళు, కొందరు తిరిగి వెక్కిరించేవాళ్ళు. తిరిగి వెక్కిరించినవాళ్ళు తనకి ఇష్టమంది.

ఆరింది. నాడీన్ గోధుమరంగు నూనెలో పల్చగా కలిపి, గుడ్డతో అద్దింది. తరవాత ఎండు కుంచె తీసుకుని లాగడం మొదలుపెట్టింది. పళ్ళు విరిచిన దువ్వెనతో సన్నగీతలు గీసింది. పెట్టెలోంచి సముద్రపక్షి ఈక తీసి దాని కొనతో గీతల్ని అక్కడక్కడా వంచింది. ఒక్కొక్క గీత చివర మణికట్టు చిన్నగా విదిలిస్తోంది. చూస్తుండగా ఇనుము మీద చెక్క మొలిచింది. ఆర్విల్ మెచ్చుకోబోయాడు. చారలు కింది నుంచి పైకి లేచాయి. పైకి లేచి, రెండు పాయలుగా విడిపోయాయి. విడిపోయేచోట నాడీన్ బొటనవేలు కొసని నల్లరంగులో అద్ది, అక్కడ ఆనించి, అర చుట్టు తిప్పి తీసింది. అగ్గిపుల్ల కొనతో మధ్యలో లేతచుక్క పెట్టింది.

ఆ కన్ను ఆర్విల్‌ని చూసింది.

అతని చేతిలో కాఫీ గ్లాసు చల్లారిపోయింది. అలాంటి కన్ను ఈ లోకంలో ఒకటే ఉందని తను ఊరందరికీ చెప్పాడు. దాన్ని ఎన్ని కెమెరాలకో చూపించాడు. వేల బండ్ల మీద గోరు మోగించాడు. సొంత బండి వెనక తలుపు మీద కూడా ఎన్నోసార్లు మోగించాడు, అదెప్పుడూ కర్రలాగే పలికింది. ఎందుకు పలకదు, రంగు కింద ఉన్నది ఏదో ఒక చెక్కే కదా. నాడీన్ తలెత్తి చూసింది. అతను చూశాడని ఆవిడకి తెలిసింది. మళ్ళీ తల వంచుకుని ఈక తుడుచుకుంది.

ఇలారియో కుర్చీలోంచి లేచి దగ్గరగా చూశాడు, దూరంగా చూశాడు.

"బాగుంది అమ్మా. కాకపోతే ఇప్పుడు మిగతాదంతా దొంగదిలా కనబడుతోంది" అన్నాడు. అప్పుడు ఇమెల్దా నవ్వింది.

వార్నిష్ పూత రేపు పొద్దున వచ్చి వేస్తానని నాడీన్ చెప్పింది. రూలు ప్రకారం గడ్డి మీదికి రానివ్వరు గాని, ఊరేగింపు వెళ్ళేది ఊరి రోడ్డు మీద, అది ఎవడబ్బ సొమ్మూ కాదు, చివర వచ్చి కలవండి అని కూడా చెప్పింది. ఆర్విల్ పక్కనే ఉన్నాడు. అవును అనైనా అనలేకపోయాడు, తల మాత్రం ఊపాడు.

ఇంటికి వస్తుంటే సముద్రం మీద పొద్దు వాలుతోంది.

"అడగవేం?" అంది నాడీన్.

"ఎప్పుడు?"

పిత్తాశయం ఆపరేషను వికటించి అతను నెలరోజులు ఆసుపత్రిలో ఉన్నప్పుడట. పదేళ్ళ పైమాటే. వెనక పలక అడుగున నీళ్ళు దిగి నల్లమచ్చ పడిందని అతను ఆ ఏడంతా బెంగపెట్టుకున్నాడు. తిరిగొచ్చేసరికి పోగొడదామని, అతని సీసాలోని నలుపు తీసే మందు పూసింది. దాన్ని ఎంతసేపటికి కడగాలో తెలియక ఎండలో వదిలేసింది. సాయంత్రానికి పలక ఎముకలా తెల్లబడి, పైపొర చుట్టలు చుట్టుకుని లేచిపోయింది. పడవలు చేసే షెడ్డుకి వెళ్ళి సాదా ప్లైవుడ్ కోయించుకుని వచ్చి, పాత ఫొటో ముందు పెట్టుకుని చారలు వేసింది. కన్ను మాత్రం ఫొటోలో లేదు. కుంచె జారి ఒక చుక్క పడితే, దాన్ని దాచడానికి పెట్టింది.

"నాకు చెప్పాల్సింది" అన్నాడు ఆర్విల్.

"చెప్దామనే గుమ్మంలో నిలబడ్డాను. నువ్వు టాక్సీ దిగి ముందు షెడ్డులోకి వెళ్ళావు. నా దగ్గరికి కాదు. మచ్చ పోగొట్టానంటే పొంగిపోయావు. నెలరోజులు చూడకపోయేసరికి దీని అందం ఇప్పుడు తెలుస్తోంది, ఈ కన్ను నాకెప్పుడూ కనబడనేలేదు అన్నావు. ఇంకేం చెప్పను?"

అతను రోడ్డు చూస్తున్నాడు.

"భయం కూడా వేసింది. ఆ గోరు ఎవరెవరి మీద ఎలా పెట్టేవాడివో చూస్తున్నదాన్నే కదా" అంది నాడీన్. "రంగు వేసినందుకు నాకు సిగ్గు లేదు. ఏటేటా నువ్వు ఆ చెట్టు సంగతి చెబుతుంటే పని ఉందని తప్పుకున్నానే, అది సిగ్గు. రేపు ఆ కథ చెప్పకు. నేనడిగేది అంతే" అంది.

ఇంటికి చేరాక ఆర్విల్ షెడ్డులో బండి పెట్టాడు. కర్ర చల్లబడి కిర్రుమంటున్నా ఆ పూట కుర్చీ వేసుకోలేదు. వెనక తలుపు వైపు చూడటానికి ముఖం చెల్లలేదు. స్నానాలగదిలో గోళ్ళ కత్తెర తీసుకుని, కాసేపు పట్టుకుని, మళ్ళీ అక్కడే పెట్టేశాడు. గోరు కత్తిరిస్తే మాత్రం చేసింది పోతుందా అనుకున్నాడు.

ఆదివారం పొద్దున్నే నాడీన్ కంకర నేల మీదికి వెళ్ళి ఇలారియో బండికి వార్నిష్ పూత వేసి వచ్చింది. ఎండ బాగా కాసింది. బహుమతులు ఇచ్చే వేళకి గడ్డి నిండా జనం. ఉత్తమమైన కర్రకి ఇచ్చే నీలం పట్టీ మూడేళ్ళుగా ఆర్విల్‌దే. ఈసారీ న్యాయనిర్ణేతలు వచ్చి, వెనక తలుపు ముందు నిలబడి, తలలు ఊపుకున్నారు. వెండెల్ మైకు పట్టుకుని జనాన్ని చుట్టూ పోగేశాడు.

"కానివ్వు ఆర్విల్. ఆ చెట్టు సంగతేమిటో చెప్పు వీళ్ళకి" అన్నాడు.

నాడీన్ ఎప్పుడూ నిలబడే చోటే, బండికి ఎడమ పక్కన నిలబడింది. ఈసారి ఆవిడకి ఎక్కడా పని పడలేదు. ఆర్విల్ ముందు ఆవిడని చూశాడు, తరవాత మైకుని చూశాడు.

"ఇది చెట్టు కాదు. సాదా ప్లైవుడ్. ఈ చారలు మా ఆవిడ వేసింది" అన్నాడు.

జనం గొల్లున నవ్వారు. ఆర్విల్ హాస్యాలు వాళ్ళకి అలవాటే. నిన్న గేటు దగ్గర నవ్వినవాళ్ళే చాలామంది. హాస్యం కాదని అతను మళ్ళీ అన్నాడు. ఇంకా నవ్వారు. వెండెల్ వంగి, అచ్చం ఆర్విల్‌లాగే చెవి ఒగ్గి, తలుపు మీద గోటితో రెండు దెబ్బలు వేశాడు.

"నిఖార్సయిన మహాగని. గోరే చెబుతోంది" అని నీలం పట్టీ తీసి తలుపు పిడికి కట్టేశాడు. చప్పట్లు మోగాయి.

ఆర్విల్ ముఖం కందగడ్డ అయింది. అబద్ధం ఇన్నేళ్ళు నిలబడింది, నిజాన్ని ఒక్క నిమిషం నిలబెట్టలేకపోతున్నాడు. ఏం చేస్తున్నాడో తెలిసేలోగా అతని వేలు పిచ్చుక కన్ను మీదికి వెళ్ళింది. గీకితే రంగు లేస్తుంది, కింద తెల్ల చెక్క కనబడుతుంది, అప్పుడైనా నమ్ముతారు. గోరు వార్నిష్‌లోకి దిగబోతుంటే మణికట్టు మీద చెయ్యి పడింది.

"అది నేను చేసిన పని. దాని మీద గోరు పెట్టకు" అంది నాడీన్.

గట్టిగా అనలేదు. మైకు దగ్గర్లోనే ఉండటం వల్ల అందరికీ వినబడింది. నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ముందు వరసలోని వాళ్ళు తలుపునీ, ఆవిడ గోళ్ళ సందుల్లోని గోధుమరంగునీ మార్చి మార్చి చూశారు. వెండెల్ చిరునవ్వు ఏం చెయ్యాలో తెలియక ముఖం మీదే ఉండిపోయింది. నాడీన్ చెయ్యి తీసేసి, జనం దారి ఇస్తుంటే మధ్యలోంచి నడిచి, గట్టు దిగి వెళ్ళిపోయింది.

"మరి... రూలు ప్రకారం..." అన్నాడు వెండెల్, మైకు పక్కకి తిప్పి.

"తెలుసు. నేనే రాశాను" అన్నాడు ఆర్విల్.

పట్టీ విప్పి వెండెల్ చేతిలో పెట్టాడు. బండి ఎక్కి, ఎన్ని బండ్లనో పంపిన ఆ దారినే, కంకర నేల మీదికి దిగాడు. రెండు వైపులా స్నేహితులు నిలబడి ఉన్నారు. ఒక్కరూ పలకరించలేదు. కంకర రాళ్ళు చక్రాల కింద ఎంత చప్పుడు చేస్తాయో అతనికి అప్పుడే తెలిసింది.

పైన ఊరేగింపు కదిలింది. కర్రబండ్లన్నీ ఒకదాని వెనక ఒకటి హారన్లు కొట్టుకుంటూ, పడవల రేవు వైపు సముద్రం పక్క రోడ్డు పట్టాయి. అన్నీ పోయేదాకా ఇలారియో బండి కంకర నేల చివర ఆగి ఉంది. ఇంజను తిరుగుతోంది. నాడీన్ కోసం ఆర్విల్ చుట్టూ చూశాడు. ఏ ఏడూ ఆవిడ లేకుండా అతను ఆ వరసలో వెళ్ళలేదు. ఆవిడ కనబడలేదు. ఇలారియో కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, మీరు ముందు వెళ్ళండి అన్నట్టు ఊపాడు. ఆర్విల్ తల అడ్డంగా ఊపి, ముందు మీరే అన్నట్టు చెయ్యి చూపించాడు. ముసలాయన టోపీ సర్దుకుని, రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని, రోడ్డెక్కాడు. ఆర్విల్ అందరికన్నా వెనక ఎక్కాడు.

అప్పుడు చూశాడు. ఆ పొడుగాటి బండి వెనక అద్దం కిందికి దించి ఉంది. వెనక్కి తిరిగిన సీట్లో ఇమెల్దా, ఆవిడ పక్కన నాడీన్. ఇద్దరి మోకాళ్ళూ ఎత్తుగా పైకి లేచి ఉన్నాయి, పిల్లల సీట్లో పెద్దవాళ్ళు కూర్చుంటే అంతే. నాడీన్ ముఖం సరిగ్గా అతని ముఖానికి ఎదురుగా ఉంది.

రేవు మూడు మైళ్ళు. ఇలారియో నిదానంగా నడుపుతున్నాడు, దారి పక్కన నిలబడ్డవాళ్ళకి టోపీ ఎత్తి చూపిస్తున్నాడు. అది ఏ కర్రో ఎవరూ అడగలేదు. చేతులు ఊపారు, ఫొటోలు తీశారు. ఆర్విల్ దాటి వెళ్ళలేడు, వెనకబడలేడు. ఇన్నేళ్ళూ ఆవిడని పక్కన కూర్చోబెట్టుకుని రోడ్డు చూస్తూ నడిపాడు. ఇప్పుడు రోడ్డు చూడాలంటే ఆవిడనే చూడాలి. ఎండలో నాడీన్ కళ్ళు చికిలించి, రెప్ప వెయ్యకుండా చూస్తోంది. అతను సిగ్గుతో చూపు దించుకోబోయాడు. ముందు బండి ఉంది, దించుకోవడానికి లేదు.

రేవు మలుపు దగ్గర ఇమెల్దా ఆవిడ చెవిలో ఏదో చెప్పింది. నాడీన్, అరవై నాలుగేళ్ళ మనిషి, అందరూ చూస్తుండగా, అతనికి నాలుక బయటపెట్టింది.

ఆర్విల్‌కి చెక్క చారలూ, రోడ్డూ, సముద్రం అన్నీ కలిసిపోయి మసకగా కనబడ్డాయి. తిరిగి వెక్కిరించినవాళ్ళు తనకి ఇష్టమని ఇమెల్దా చెప్పిన మాట గుర్తొచ్చింది. స్టీరింగు గట్టిగా పట్టుకుని, కళ్ళు తుడుచుకోకుండానే, అతనూ నాలుక బయటపెట్టాడు.